తట్టి, పది లెక్కపెట్టు

మొన్న ఆదివారం ఇందుకూరుపేటలో మా పెద్దమ్మ కొడుకు ఇంటికి భోజనానికి పోయాను. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. అరుగు మీద నాకోసం కుర్చీ కూడా వేసి ఉంచారు. నేను మాత్రం ఆ కుర్చీని చూసి తల వంచుకుని, ఇంటి పక్క సందులోకి తిరిగి, గడ్డివామిని చుట్టి వచ్చి, పెరటి తలుపు రెండుసార్లు తట్టి, మనసులో పది లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. ఏడు దగ్గర ఉండగా లోపలి నుంచి మా వదిన అరిచింది.

“పాలు చాలని నిన్ననే చెప్పినాం గదా! మళ్లీ ఎందుకొచ్చినావబ్బా?”

తలుపు తీసి నన్ను చూసి నాలుక కరుచుకుంది. “పాలు కాదొదినా, నేను” అన్నాను. అప్పటికే నా ముఖంలో నీళ్లు ఎక్కువై పాలు తక్కువయ్యాయి.

ముప్పై దాటిన మనిషిని. రైల్వేలో ఉద్యోగం. ఇంగ్లండు పోయి వచ్చినవాడని పేరు కూడా ఉంది. అలాంటివాడికి చుట్టాలింట్లోకి ఏ తలుపులోంచి పోవాలో తెలియదు. ఈ తెలివితక్కువతనం పుట్టుకతో వచ్చింది కాదు. మూడు నెలలు కష్టపడి, శ్రద్ధగా నేర్చుకున్నాను. నేర్పిన మనిషి పోయి ఏడాది దాటింది. పాఠం మాత్రం నన్ను వదలలేదు.

ఆమెను బిట్రగుంటలో అందరూ ఆయమ్మ అనేవాళ్లు. మా వైపు ఆయమ్మ అంటే ‘ఆవిడ’ అని అర్థం. ఆమె దొరల పిల్లలను పెంచిన ఆయా కూడా. ఒకే మాటతో రెండు పనులూ జరిగిపోతుంటే ఇంకో పేరెందుకు అనుకున్నారేమో, అసలు పేరు ఎవరూ పలకగా నేను వినలేదు. చర్చి పుస్తకంలో ఉందట.

పొడుగ్గా, సన్నగా ఉండేది. గోడవారగా నడిచేది. గోడ లేనిచోట రోడ్డు అంచున నడిచేది. మిట్టమధ్యాహ్నం పురుగు కూడా తిరగని రైల్వే కాలనీ రోడ్డు మీద, ఎదురుగా ఎవరో పెద్దవాళ్లు వస్తున్నట్టు, పక్కకు ఒదిగి ఒదిగి పోయేది. చేతులు ఖాళీగా ఉండేవి కావు. లోకోషెడ్డు పొగ మా ఊళ్లో అందరి నెత్తినా సమానంగా రాలుతుంది. ఆ మసి మీద ఆమెకు సొంత పగ. మాట్లాడుతూ మాట్లాడుతూనే కొంగుతో కిటికీ చువ్వ తుడిచేది, నా సైకిలు సీటు తుడిచేది. ఒకసారి పోస్టుమాన్ ఏదో అడుగుతుంటే జవాబు చెబుతూ అతని చొక్కా బొత్తాలు నాలుగూ తుడిచి పంపింది.

తెల్లదొరలు పోయేటప్పుడు ఒక పెద్ద రైల్వే దొర తన ఇద్దరు పిల్లలతోపాటు ఆమెను కూడా ఓడ ఎక్కించుకుని పోయాడు. మూడు చలికాలాలు అక్కడ వాళ్ల ఇంట్లో ఉంది. పిల్లలు పెద్దవాళ్లయి బడికి పోగానే తిప్పి పంపారు. పోయేముందు దొరసాని బిట్రగుంటలో ఒక మెత్తల కుర్చీ, గుండ్రటి బల్ల, ఆరు పింగాణీ కప్పులు ఎవరింట్లోనో దాచిపోయిందట. అవి ఆయమ్మ పరమయ్యాయి. కాలనీ వెనక పెంకుటింట్లో వాటిని వీధి గదిలో పెట్టింది. ఆ ఇల్లు రైలు పెట్టెలాగా వరసగా మూడు ముక్కలు: ముందు వీధి గది, తర్వాత నడిమి గది, వెనక వంటిల్లు. నడిమి గది అద్దెకిచ్చేది. తను వంటింట్లో చాప మీద పడుకునేది. వీధి గదిలో ఎవరూ ఉండేవాళ్లు కాదు. కుర్చీకి తెల్లటి గుడ్డ కప్పి ఉండేది. వీధి తలుపు గడియ తీసిన గుర్తు లేదు. ఆమెతో సహా అందరూ పెరటి దారినే వచ్చేవాళ్లం.

యాభైల ఆఖరు రోజులవి. నేను షెడ్డు ఆఫీసులో డ్రాయింగులు గీసే గుమాస్తాను. బాయిలర్ల చదువుకని ఇంగ్లండులో రెండేళ్ల స్కాలర్‌షిప్ వచ్చింది. మా వంశంలో ఎవరికీ రానిది, మళ్లీ వచ్చే ఆశ లేనిది. కాలేజీ వాళ్ల ఉత్తరంతోపాటు ఒక అచ్చు కాగితం కూడా వచ్చింది. పరదేశం నుంచి వచ్చే విద్యార్థులు అద్దె గదుల్లో బాధ్యతగా మెలగవలెను. ఇంటివారి నుంచి రెండు ఫిర్యాదులు వచ్చినచో స్కాలర్‌షిప్ ఆగిపోవును. బాధ్యత అనే మాటలో బాధ ముందే వచ్చి కూర్చుని ఉందని ఆ రాత్రే గమనించాను. అప్పటికి నేనుంటున్న గదిలో నూనె తల ఆనించి ఆనించి గోడ మీద గుండ్రటి మచ్చ పడింది. దానికి సూర్యుడని పేరు పెట్టుకున్నాను. సీమలో సూర్యుడు కనపడడంటారు. నేను పోయి గోడకొకటి పొడిపిస్తే ఊరుకుంటారా?

మా హెడ్‌క్లర్కు దారి చూపాడు. “ఆయమ్మ కాడికి పో. సీమ ఇల్లు లోపల ఎట్టా ఉంటాదో చూసిన మనిషి మన ఊళ్లో ఆయమ్మొకతే.”

పోయాను. చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

“ఏమబ్బయ్యా, సీమకి పోతుండావంటనే?”

“అవునాయమ్మా. ఆడ అద్దింట్లో ఎట్టా మసులుకోవాల్నో కాస్త చెప్తావని.”

“చెప్తే రాదు. ఉండాల. రేపు పెట్టె తెచ్చుకో. ఈ ఇల్లే సీమ అనుకో.”

అలా ఓడ ఎక్కకముందే మూడు నెలలు సీమలో ఉన్నాను.

మొదటి పాఠం తలుపు. నడిమి గదికీ వీధి గదికీ మధ్య తలుపు ముందు నన్ను నిలబెట్టింది.

“తట్టు.”

“లోపల ఎవురూ లేరు గదాయమ్మా.”

“ఉంటేనో?”

తట్టాను. తోయబోతే చెయ్యి పట్టుకుంది. “రెండుసార్లు తట్టి, పది లెక్కపెట్టు. లోపలుండేవాళ్లు సర్దుకోవద్దా?”

లోపల సర్దుకోవలసింది కుర్చీ ఒక్కటే. అయినా పది లెక్కపెట్టాను.

రెండోది ట్రే. వంటింట్లో టీ పోసి, నడిమి గదిలోంచి తెచ్చి, చుక్క తొణక్కుండా బల్ల మీద పెట్టి, ఖాళీ కుర్చీని “చక్కెర ఎన్ని చెంచాలు, మేడమ్?” అని అడగాలి. కుర్చీ చెప్పదు. చెప్పినట్టు ఒకటే చెంచా వేసి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ రావాలి.

“వీపు చూపించబాక!” అని వెనక నుంచి గద్దించేది. “ఎన్ని తూర్లు చెప్పాల?”

ఒకనాడు మా ఆఫీసు కుర్రకారు కిటికీలోంచి ఈ పూజ చూశారు. మర్నాడు షెడ్డంతా అదే మాట. “ఏమన్నా, కుర్చీ టీ తాగిందా? కాళ్లు కూడా పట్టినావా, నాలుగుండాయే!” నేనూ నవ్వాను. మనసులో మాత్రం, నవ్వండి నాయనా, ఫిర్యాదు మీకు రాదు గదా అనుకున్నాను.

పొద్దున ఇంటివాళ్లకన్నా ముందు లేవాలి. పొయ్యి బూడిద ఎత్తాలి. గుమ్మాల ముందు బూట్లు విడిచి ఉంటే మెరిసేటట్టు తుడిచి, జత కలిపి పెట్టాలి. వాళ్లు తిన్నాక వంటింట్లో నిలబడి తినాలి. అడిగితేనే మాట్లాడాలి. వీధి వాకిలి వాళ్లది, పెరటి వాకిలి మనది. ఇంట్లో వాసన రాకూడదు, తాలింపు పెట్టకూడదు. ఇవన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నాను. అన్నీ రాసుకున్నవాణ్ణి ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగి ఉంటే ఈ వ్యాసం రాసే పని తప్పేది.

తాలింపు నియమానికి ఆమె కూడా కట్టుబడింది. సముద్రం ఒడ్డు నుంచి గంప నెత్తిన పెట్టుకుని ఒకామె ఎండు నెత్తళ్ల చేపలు తెచ్చేది. అవంటే ఆయమ్మకు ప్రాణం. ఆ మూడు నెలలూ గంప దించనీయలేదు.

“ఏందాయమ్మా, నా నెత్తళ్లు ఇప్పుడు నీకు కంపు కొడుతుండాయా?”

“అది గాదే. నేనిప్పుడు సీమలో ఉండా. మూడు నెలలాగు, వచ్చేస్తా.”

ఒక సాయంత్రం నా చేతిలో కప్పు జారి పగిలింది. ఆమె ఇంట్లో లేదు. పెంకులు ఏరి బూడిదకుప్పలో పూడ్చాను. మూడో రోజు ఆమె అయిదు కప్పులూ కడిగి వరసగా బోర్లించి, ఆరోదాని చోటు ఖాళీగా వదిలింది.

“పగలడం తప్పు గాదబ్బయ్యా. చేతులుండే ఇంట్లో పగులుతాయి. వాళ్ల కంట పడకముందే నువ్వు పోయి, పగలగొట్టింది నేనే అని చెప్పాల. చూసినాక చెప్పేది చెప్పడం గాదు.”

అక్కడ తను పూలగిన్నె ఒకటి పగలగొట్టి, దొరసాని నిద్ర లేచేదాకా గది బయట నిలబడి చెప్పిందట. “ఏమనింది?” అన్నాను. “ఏమీ అనలా. ఆ పొద్దుటినించీ బీరువా తాళాలు బల్ల మీదే వదిలేసేది” అంది. ఆ మాట చెప్పేటప్పుడు గోడవారగా కాక, గది మధ్యలో నిలబడి ఉంది.

రైలెక్కే రోజు స్టేషనుకు వచ్చింది. ప్లాట్‌ఫారం చివర గోడకు ఆనుకుని నిలబడింది. బండి కదిలేటప్పుడు ఒక్కటే మాట: “ఫిర్యాదు రానీబాక!”

రానీయలేదు.

నేను అద్దెకు దిగిన ఇంట్లో ఒక ముసలి దంపతులు ఉండేవాళ్లు. మొదటి రోజు చీకటితో లేచి పొయ్యి బూడిద ఎత్తి, గుమ్మం ముందున్న రెండు జతల బూట్లు తుడిచి పెట్టాను. ఇంటావిడ మెట్లు దిగి వచ్చి చూసి ఎర్రబడిపోయింది. “వద్దు, ఇదంతా నువ్వు చేయనక్కర్లేదు” అంది. రెండోరోజూ అదే మాట అంది. మన వైపు వద్దంటే ఏమిటో నాకు తెలియదా? పెళ్లి భోజనంలో మూడోసారి చెయ్యి అడ్డం పెట్టేదాకా అది వద్దు కాదు, మర్యాద. ఆమె రెండుసార్లే అంది. మూడోరోజు ఏమీ అనలేదు. రెండు వారాలకు అలవాటు పడింది. రెండు నెలలకు, బూడిద ఎత్తడం ఆలస్యమైతే కింద నుంచి గంట కొట్టడం మొదలుపెట్టింది. పండక్కి కూతురూ అల్లుడూ పిల్లలూ వస్తే గుమ్మాల ముందు బూట్లే బూట్లు. సాయంత్రం క్లాసులకు పోతే రాత్రి టీ ఎవరు అందిస్తారు? మానేశాను. ఆ ఇంట్లో ప్రతిదానికీ పాలిష్ పట్టాను, నా చదువుకు తప్ప.

రెండో ఏడు సగంలో, సింహళం నుంచి వచ్చిన ఒక తమిళ సహపాఠి నన్ను చూడటానికి వచ్చాడు. నేను ఏప్రాన్ కట్టుకుని వెండి చెంచాలు రుద్దుతున్నాను. నెల్లూరు వాళ్లకు తెలిసినంత అరవం నాకూ తెలుసు. అతను మెల్లగా అడిగాడు.

“తంబీ, ఇక్కడ నీకు జీతమెంత?”

“జీతమా? నేనే అద్దె ఇస్తున్నాను.”

అతను నవ్వలేదు. అదే నన్ను భయపెట్టింది. తర్వాత ఒక్కొక్కటిగా నా నియమాలు చెప్పించుకుని, “ఇవి అద్దెకున్నవాడివి కావు. పనిమనిషివి” అన్నాడు.

తెలిసింది గదా, మానెయ్యవచ్చు గదా అని మీరంటారు. ఏడాదిన్నరగా మెరిసిన బూట్లు ఒక పొద్దున మెరవకపోతే అది ఫిర్యాదు కాదా? చివరిదాకా తుడిచాను. పరీక్షలు పోయాయి. పట్టా రాలేదు. దాని బదులు ఇంటావిడ కాలేజీకి ఒక ఉత్తరం రాసింది: ఇంత బాధ్యత గల విద్యార్థిని మేము ఇంతవరకు చూడలేదు. కాలేజీవాళ్లు దాన్ని కొన్నాళ్లు నోటీసుబోర్డుకు అంటించి, తర్వాత నాకే ఇచ్చి ఓడ ఎక్కించారు.

ఓడలో ఉన్నన్ని రోజులూ ఆయమ్మను ఏమనాలో కూర్చుకున్నాను. బిట్రగుంటలో దిగి, పెట్టె మోసుకుని, నేరుగా ఆ ఇంటికి పోయాను. కోపంలో కూడా పెరటి దారినే పోయాను చూడండి.

వంటింటి గడప మీద నిలబడి ఉంది. అప్పటికే జుట్టు తెల్లబడింది. నన్ను పైనుంచి కిందికి చూసి, నా బూట్ల దగ్గర చూపు ఆపి, తృప్తిగా తల ఊపింది.

“ఫిర్యాదు రాలా గదా?”

“రాలేదు.”

“ఏమన్నా పగలగొట్టినావా?”

కూర్చుకున్న మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి. ముందు ఒక్క సంగతి తేల్చుకుందామని అడిగాను. “ఆయమ్మా, నువ్వుండిన ఆ దొరల ఇంట్లో అద్దెకెవరన్నా ఉండినారా?”

“ఎందుకు లేరు! పై గదిలో ఒక పిల్లోడు. తెల్లోడే, చదువుకునేవాడు. ఏం మనిషిలే! పొద్దెక్కేదాకా పండుకుంటాడు. వీధి వాకిట్లోనే వస్తాడు, పోతాడు. దొరతో సమానంగా బల్ల కాడ కూర్చుని తింటాడు. బూట్లు గుమ్మంలో పారేస్తే నేనే తుడవాల. ఒక్కనాడన్నా గిన్నె కడిగిన పాపాన పోలా. వాడి మాదిరి చెడిపోతావేమో అని గదా, అబ్బయ్యా, నిన్నంత కష్టపెట్టింది!”

ఆమె మోసం చేయలేదు. అద్దెకున్నవాడు ఎట్లా ఉంటాడో కళ్లారా చూసింది, ఛీ అనుకుంది, నాకు అంతకన్నా మంచిది నేర్పింది. ఆమెకు తెలిసిన మంచి అదొక్కటే. దాన్ని నాకిచ్చింది, మూడు నెలలు నెత్తళ్లు మానుకుని మరీ ఇచ్చింది.

“ఏమన్నా పగలగొట్టినావా అంటే పలకవే?”

“లేదాయమ్మా. ఏమీ పగల్లేదు” అన్నాను.

ఆమె పెట్టిన నియమాల్లో నిజంగా పనికొచ్చేది ఒక్కటే ఉంది. పరీక్షలు పోయిన సంగతి దాచి దాన్నే తప్పాను. ఉత్తరం తీసి తెలుగులో చదివి వినిపించాను. కొంగుతో కళ్లు తుడుచుకుని, అదే కొంగుతో ఉత్తరం కూడా తుడిచి, పటం కట్టించి వీధి గదిలో తగిలించింది. ఎవరు వచ్చినా చదవమనేది. వారం వారం నా పరీక్ష పోయిన కథను నేనే గొంతెత్తి చదివేవాణ్ణి, వాళ్లు మెచ్చుకునేవాళ్లు.

షెడ్డులో నా పాత స్టూలు నాకిచ్చారు. నడిమి గది కూడా అంతే. నా తర్వాత చేరినవాళ్లు నాకు పైవాళ్లయ్యారు. “అద్దె ఇంట్లో ఎట్టా ఉండాల్నో మాకు తెలీదన్నా, నీకైతే సర్టిఫికెట్టుండాది” అనేవాళ్లు. పోయింది ఇక తిరిగి రాదని నాకు తెలుసు. ఆమెకు మాత్రం ఏదీ పోయినట్టు తెలియదు. అందుకే ఆ ఇంట్లోంచి కదలలేకపోయాను.

ఆమె ఎదురుచూసేది ఇంకొకటి. తను పెంచిన ఆ పిల్లలిద్దరూ ఎప్పుడో ఒకనాడు వస్తారని. ఉత్తరం ఒక్కటి రాలేదు. క్రిస్మస్ ముందు కుర్చీ గుడ్డ ఉతికి, అయిదు కప్పులూ బల్ల మీద పెట్టేది. ఒకసారి మోకాళ్ల నొప్పులతో గోడ పట్టుకుని నిలబడి ఉంటే అన్నాను.

“కుర్చీలో కూర్చో ఆయమ్మా.”

“ఎవురన్నా వస్తే?”

“ఎవరొస్తారు? ఇన్నేళ్లుగా ఎవరొచ్చారు?”

“వస్తేనో? నేను లేచేలోగా చూస్తే?”

ఇంకోసారి బలవంతంగా భుజాలు పట్టి కూర్చోబెట్టబోయాను. ఆమె వణికింది. నిజంగా వణికింది. చేతులు తీసేశాను. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు.

పోయిన ఏడు, వానల్లో, రెండు రోజుల జ్వరంతో వంటింటి చాప మీద పోయింది. బోగోలులో ఉన్న ఆమె తమ్ముడి కొడుకుకు కబురు పంపాం గాని, వానకు దారులు తెగి అతను రాలేకపోయాడు. పాస్టరు గారు వచ్చారు. చర్చి వాళ్లు నలుగురు పెట్టె తెచ్చారు. ప్రార్థన అయ్యాక పెట్టె భుజాలకెత్తుకుని, వంటిల్లు పక్కనే ఉంది గదా, పెరటి గుమ్మం వైపు తిరిగారు.

“ఆగండి” అన్నాను. “వీధి వాకిట్లోంచి తీసకపోదాం.”

“సమాధుల తోట ఇటేగదన్నా దగ్గిర” అన్నాడు ముందున్నవాడు. “బురదలో ఇల్లు చుట్టి పోవాల్నా?”

“చుట్టి పోదాం.”

పాస్టరు గారు నా వైపు చూసి, వాళ్లకు కానిమ్మని సైగ చేశారు.

నడిమి గది దాటి వీధి గది తలుపు దగ్గరికి వచ్చాం. చెయ్యి దానంతట అదే పైకి లేచింది, తట్టటానికి. దించేశాను. తట్టలేదు, లెక్కపెట్టలేదు, తోశాను. కుర్చీ మీద గుడ్డ లాగేసి, బల్ల మీది కప్పులు నేలమీద పెట్టి, “ఇక్కడ కాసేపు దించండి” అన్నాను. కుర్చీ మీద తల వైపు, బల్ల మీద కాళ్ల వైపు ఆనించి పెట్టెను దించారు. అయిదు నిమిషాలో పదో, ఆమె ఆ గదిలో ఉంది. ఎవరూ రాలేదు.

వీధి తలుపు గడియ ఉప్పుగాలికి తుప్పెక్కి బిగుసుకుపోయింది. షెడ్డు నుంచి సుత్తి తెప్పించాను. నేనే కొట్టాను. నాలుగో దెబ్బకు గడియతోపాటు తలుపు చెక్క కూడా ఒక జానెడు చీలిపోయింది. వాన జల్లు లోపలికి కొట్టింది. ఆయమ్మను మెట్ల మీదుగా, రోడ్డు మధ్యన తీసుకుపోయాం.

మర్నాడు బోగోలు నుంచి తమ్ముడి కొడుకు వచ్చాడు. ఇల్లు ఇక అతనిది. గొడుగు ముడుస్తూ అతను ఇంకా వీధిలోనే ఉన్నాడు. నేను ఎదురుపోయి, అతను తలెత్తి చూడకముందే చెప్పాను.

“తలుపు పగలగొట్టింది నేనే.”